పేరు గొప్ప... ఊరెంత? సెయింట్ లూయిస్ లెక్కల కథ

1870 నాటి అమెరికా జనాభా లెక్కల్లో సెయింట్ లూయిస్‌లో 3,10,864 మంది తేలారు. షికాగోలో 2,98,977 మంది. తేడా పన్నెండు వేలు కూడా లేదు. అయినా మిసిసిపీ నది ఒడ్డున ఉన్న ఆ ఊరికి అదే పెద్ద పండగ. ఎగబాకుతున్న షికాగోను వెనక్కి నెట్టి, దేశంలో నాలుగో పెద్ద నగరం తమదేనని చెప్పుకునే వీలు దొరికింది. పదేళ్లు గడిచాక 1880 లెక్కలు వచ్చాయి. షికాగో 5,03,185. సెయింట్ లూయిస్ 3,50,518. మధ్యలో 1876లో సెయింట్ లూయిస్ తన విస్తీర్ణాన్ని మూడు రెట్లకు పైగా పెంచుకుంది కూడా. అంత నేల కలుపుకున్నా పెరిగింది నలభై వేలే అంటే, తేడా కొట్టింది 1880 లెక్క కాదు, 1870 లెక్కేనని చాలామంది చరిత్రకారుల అనుమానం. షికాగోను దాటాలన్న ఆత్రంలో, ఊళ్లో ఉన్నవాళ్లతో పాటు లేనివాళ్లను కూడా చిట్టాకెక్కించారన్నమాట.

పేరు గొప్ప ఊరు దిబ్బ అని మన సామెత. సెయింట్ లూయిస్ విషయంలో అది సగమే నిజం. ఊరు దిబ్బేమీ కాదు. నిజంగా గొప్పగా చెప్పుకోవలసినవి అక్కడ బోలెడున్నాయి. కాకపోతే ఉన్నదాన్ని ఉన్నంతలో చెప్పుకుంటే ఆ ఊరికి ఎన్నడూ తనివి తీరలేదు. ఎప్పుడూ పక్కవాడి గజంబద్దతోనే తనను కొలుచుకుంది. ఒకప్పుడు షికాగో, ఒకప్పుడు ప్యారిస్, ఇంకొకప్పుడు న్యూయార్క్. ఊరి మీద అభిమానం ఎక్కడైనా ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు. సెయింట్ లూయిస్‌లో మాత్రం ఆ అభిమానం మ్యాపు మీద గీతగా మారింది. ఆ గీత ఇప్పటికీ చెరగలేదు.

గొప్ప మాటలు ఊరు పుట్టకముందే మొదలయ్యాయి. 1763 చివర్లో ఫ్రెంచి బొచ్చుతోళ్ల వర్తకుడు పియెర్ లాక్లీడ్ అక్కడ ఒక స్థావరం పెట్టాలనుకున్నప్పుడు, ముందుముందు ఇది అమెరికాలోని అందమైన నగరాల్లో ఒకటి కావచ్చని అన్నాడట. ఆయన వెంట ఉన్న కుర్రాడు ఆగస్ట్ షూటో తర్వాతి కాలంలో రాసిపెట్టిన మాట ఇది. అప్పటికి అక్కడ ఉన్నవి చెట్లు, నది, ఒక గట్టు.

వందేళ్ల తర్వాత ఆ మాటను పట్టుకుని ఊరేగిన మనిషి లోగన్ రీవిస్. ఇలినాయ్ నుంచి వచ్చిన పత్రికా రచయిత. ప్రపంచానికి రాబోయే మహానగరం సెయింట్ లూయిసేనని నిరూపిస్తూ 1870లో ఏకంగా ఒక పుస్తకమే అచ్చేశాడు. అంతకుముందే, దేశ రాజధానిని వాషింగ్టన్ నుంచి ఎత్తుకొచ్చి సెయింట్ లూయిస్‌లో పెట్టాలని ఉద్యమం నడిపాడు. దాని కోసం 1869 అక్టోబర్‌లో ఆ ఊళ్లో ఒక మహాసభ జరిగింది. చాలా రాష్ట్రాల నుంచి ప్రతినిధులు వచ్చారు. దేశం నడిబొడ్డున ఉన్నాం, నదులన్నీ మా దగ్గరే కలుస్తున్నాయి, ఇక రాజధాని రాకుండా ఎక్కడికి పోతుంది అనేది వాదన. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది కానీ, అంతర్యుద్ధం ముగిసి జనం పడమటికి తరలిపోతున్న ఆ రోజుల్లో అది మరీ పిచ్చి మాటేమీ కాదు. అందులో లోపం ఒక్కటే. భూగోళం చూసి తలరాత చెప్పారు. నది మా పక్కనుంది కాబట్టి భవిష్యత్తు కూడా మా పక్కనే ఉంటుందనుకున్నారు.

ఈలోగా భవిష్యత్తు రైలెక్కి షికాగోకు పోయింది. మిసిసిపీ మీద మొదటి రైలు వంతెన 1856లో ఎగువన రాక్ ఐలాండ్ దగ్గర వచ్చింది. కట్టిన కొద్ది రోజులకే ఒక స్టీమర్ దాన్ని గుద్దుకుంది. స్టీమర్ వాళ్లు వంతెన కంపెనీ మీద దావా వేశారు. రైల్వే తరఫున వాదించిన లాయర్లలో అబ్రహాం లింకన్ ఒకరు. సెయింట్ లూయిస్ వర్తకులు స్టీమర్ పక్షాన నిలబడ్డారు. వాళ్ల బతుకంతా స్టీమర్లతోనే మరి. రేవులో వరసగా కట్టేసిన పడవలను చూసుకుని మురిసిపోతుంటే, అవతల షికాగో గోధుమను, పందిమాంసాన్ని, కలపను పట్టాల మీదికి ఎక్కించుకుపోయింది. అంతర్యుద్ధంలో నది దారి మూతపడటంతో దక్షిణాది వ్యాపారం కూడా దెబ్బతింది.

ఆలస్యంగానైనా వంతెన కట్టారు. కట్టింది కూడా మామూలుది కాదు. 1874 జూలై 4న ప్రారంభమైన ఈడ్స్ వంతెన ఉక్కును భారీగా వాడి కట్టిన తొలి పెద్ద వంతెన. దాన్ని కట్టిన జేమ్స్ ఈడ్స్ అంతకుముందెన్నడూ వంతెన కట్టినవాడు కాదు. నది అడుగున మునిగిపోయిన స్టీమర్లలోంచి సరుకు వెలికితీయడం ఆయన వృత్తి. అడుగున ఇసుక ఎలా కదులుతుందో స్వయంగా దిగి చూసినవాడు కాబట్టి, పునాది బండదాకా పోవాలని పట్టుబట్టాడు. గాలి ఒత్తిడి పెట్టిన గదుల్లో కూర్చుని అంత లోతున తవ్విన కూలీల్లో దాదాపు పదిహేను మంది, పైకి వచ్చాక కీళ్లు పట్టేసి చనిపోయారు. ప్రారంభానికి కొన్నాళ్ల ముందు, జూన్ 14న, ఒక సర్కస్ ఏనుగును వంతెన మీద నడిపించారు. గట్టిగా లేని నేల మీద ఏనుగు కాలు పెట్టదని జనం నమ్మకం. వేల మంది గట్టు మీద నిలబడి చూస్తుండగా ఏనుగు తాపీగా ఆవలి ఒడ్డుకు నడిచి వెళ్లింది. వంతెన గట్టిదని తేలింది. కట్టిన కంపెనీ మాత్రం మరుసటి ఏడాదే దివాలా తీసింది. వంతెన ఇప్పటికీ పనిచేస్తోంది. పైన కార్లు, కింద లోకల్ రైళ్లు. సెయింట్ లూయిస్ గొప్పలు చెప్పుకోవాలంటే మొదట చెప్పుకోవలసింది ఇదే. కానీ ఊరి సంబరాల్లో దీనికి దక్కేది రెండో చోటో మూడో చోటో.

ఇక గీత సంగతి. 1876కు ముందు నగరం సెయింట్ లూయిస్ కౌంటీలో భాగం. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది అనుకోవచ్చు. నగరంలో మూడు లక్షల మంది ఉన్నారని లెక్క, చుట్టూ పల్లెల్లో ముప్పై వేలు. పన్నులు కట్టేది మేము, రోడ్లు వేసేది వాళ్లకా అన్నది నగర పెద్దల అక్కసు. పల్లెటూరివాళ్లను మోయడం దండగనిపించింది. అందుకని కౌంటీ నుంచి పూర్తిగా విడిపోయే ప్రతిపాదన తెచ్చారు. విడిపోతూ పోతూ చుట్టుపక్కల పొలాలు, ఫారెస్ట్ పార్క్ అన్నీ కలుపుకుని 61 చదరపు మైళ్లకు హద్దు గీసుకున్నారు. ఊరు ఎంత పెరిగినా ఇంతకు మించి అక్కర్లేదనే ధీమా. 1876 ఆగస్టు 22న ఓటింగ్ జరిగింది. మొదటి లెక్కింపులో ఓడిపోయింది. వ్యతిరేక ఓట్లలో దొంగ ఓట్లు ఉన్నాయని కోర్టుకెళ్లారు. మళ్లీ లెక్క పెడితే గెలిచింది. ఈ ఊరి చరిత్రలో ముఖ్యమైన అంకె ఏది తీసుకున్నా దాని వెనక ఒక రెండో లెక్కింపు ఉంటుంది.

విడాకుల తర్వాత కౌంటీ ఆస్తులు చాలావరకు నగరానికి వచ్చాయి, కౌంటీ అప్పు కూడా నగరమే తీసుకుంది. అప్పట్లో అది ఉదారతలా కనిపించింది. ఆ హద్దు ఆ తర్వాత ఒక్క అంగుళం కదల్లేదు. వేరే నగరాలు శివార్లను కలుపుకుంటూ పోతుంటే, సెయింట్ లూయిస్ తనే కట్టుకున్న కంచెలో ఉండిపోయింది. 1880లో 31,888 మంది ఉన్న ఆ 'పల్లెటూరి' కౌంటీలో 2020 లెక్కల ప్రకారం 10,04,125 మంది ఉన్నారు. నగరంలో 3,01,578. మిస్సోరి నది దాటితే వచ్చే సెయింట్ చార్లెస్ కౌంటీ కూడా నాలుగు లక్షలతో నగరాన్ని దాటేసింది. ఇంకో విడ్డూరం. 2020లో నిజంగా లెక్క తేలిన జనం, 1870లో గొప్ప కోసం రాసుకున్న జనం కంటే తొమ్మిది వేలు తక్కువ.

అయితే ఇదంతా తర్వాతి మాట. 1900 లెక్కల్లో 5,75,238 మందితో సెయింట్ లూయిస్ న్యాయంగానే దేశంలో నాలుగో స్థానంలో నిలిచింది. 1904లో ప్రపంచ ప్రదర్శన పెట్టింది. ఊరివాళ్లు ఇప్పటికీ 'ఫెయిర్' అంటే చాలు, ఏ ఫెయిరో చెప్పక్కర్లేదు. లూసియానా ప్రాంతాన్ని ఫ్రాన్సు నుంచి అమెరికా కొని వందేళ్లయిందన్న పేరుతో పెట్టిన ప్రదర్శన అది. ఆ కొనుగోలు ధర కోటీ యాభై లక్షల డాలర్లు. ప్రదర్శనకు సమకూర్చిన మూలధనం కూడా సరిగ్గా అంతే. యాభై లక్షలు నగరం, యాభై లక్షలు చందాలు, యాభై లక్షలు కేంద్రం. పన్నెండు వందల ఎకరాల పైచిలుకు స్థలం. ఏడు నెలల్లో దాదాపు రెండు కోట్ల ప్రవేశాలు. పదకొండేళ్ల ముందు షికాగో పెట్టిన ప్రదర్శన దీని ముందు చిన్నబోవాలన్నది అసలు పంతం. షికాగోకు దక్కిన 1904 ఒలింపిక్స్‌ను కూడా పట్టుబట్టి లాక్కున్నారు. అమెరికా నేల మీద మొదటి ఒలింపిక్స్ అవే. యూరప్ నుంచి ఆటగాళ్లు పెద్దగా రాలేదు. ఆడినవాళ్లలో అత్యధికులు అమెరికన్లే. ఆధునిక ఒలింపిక్స్‌కు ఆద్యుడు కూబెర్టాన్ స్వయంగా రాలేదు. మారథాన్‌లో మొదట గీత దాటినవాడు మధ్యలో కొంత దూరం మోటారు కారెక్కి వచ్చాడు. నిజంగా గెలిచినవాడికి దారిపొడవునా స్ట్రిక్నిన్ అనే విషాన్ని, బ్రాందీని కలిపి పట్టించి లాక్కొచ్చారు. ప్రపంచస్థాయి అనే మాటకు ఇంతకంటే మంచి బొమ్మ గీయడం కష్టం.

తెర వెనక సంగతి ఇంకా ఆసక్తికరం. ప్రదర్శనకు రెండేళ్ల ముందు, 1902లో, ప్రాసిక్యూటర్ జోసెఫ్ ఫోక్ నగరసభ సభ్యుల లంచాల భాగోతం బయటపెట్టాడు. ట్రామ్ కంపెనీకి అనుమతి ఇవ్వడానికి మాట్లాడుకున్న లంచం సొమ్మును బ్యాంకు లాకర్లో పెట్టారు. ఇచ్చేవాడి దగ్గర ఒక తాళంచెవి, పుచ్చుకునేవాడి దగ్గర ఒకటి. రెండూ కలిస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. దొంగల మధ్య కూడా అంత పద్ధతి. దేశమంతా పత్రికల్లో పరువు పోయింది. మరోపక్క కుళాయిల్లో మిసిసిపీ బురద నీళ్లే వచ్చేవి. గ్లాసులో పట్టి కాసేపు ఉంచితే అడుగున ఒండ్రు పేరుకునేది. ఆ నీళ్లు తాగితే బలం అని చెప్పుకునే స్థానిక అభిమానులూ ఉన్నారు. ప్రదర్శనలో ప్రధాన ఆకర్షణ కొండ మీంచి జాలువారే కృత్రిమ జలపాతాలు. వాటిలో బురద పారితే ప్రపంచం నవ్వుతుంది. సున్నం, ఇనుప లవణం కలిపి నీటిని తేటపరిచే పద్ధతి 1904 మార్చిలో, ప్రదర్శన తెరవడానికి కొన్ని వారాల ముందు, అమల్లోకి వచ్చింది. ఇళ్లకు మంచినీళ్లు వచ్చింది అతిథుల పుణ్యమా అని. డాంబికం వల్ల ఊరికి మేలు జరిగిన సందర్భాల్లో ఇదొకటి. దీన్ని కాదనడం అన్యాయం.

ఆ ప్రదర్శన చుట్టూ పెరిగిన కథల పుట్టకు అంతులేదు. ఐస్‌క్రీమ్ కోన్ అక్కడే పుట్టిందట, ఐస్‌టీ అక్కడే పుట్టిందట, హాట్‌డాగ్ కూడానట. కోన్ చేసే అచ్చు మీద న్యూయార్క్‌లో ఐస్‌క్రీమ్ అమ్ముకునే ఇటాలో మార్కియోనీకి 1903 డిసెంబర్‌లోనే పేటెంట్ వచ్చింది. ఐస్‌టీ కథలో మన దేశం పేరు కూడా ఉంది. భారత, సిలోన్ తేయాకు ప్రచారానికి వచ్చిన రిచర్డ్ బ్లెచిండెన్ వేడి టీ పోస్తుంటే ఎండదెబ్బకు ఎవరూ తాగలేదనీ, విసుగొచ్చి ఐసు వేసి ఇస్తే ఎగబడ్డారనీ చెబుతారు. టీని చల్లబరిచి ఐసుతో తాగడం గురించి అమెరికన్ వంట పుస్తకాల్లో 1870లలోనే ఉంది. ప్రదర్శన వీటికి ప్రచారం ఇచ్చింది, అంతవరకు నిజం. పుట్టించడానికీ పేరు తేవడానికీ మధ్య తేడా చెరిపేయడం ఊరి గొప్పలకు ఎక్కడైనా మామూలే.

అంతగా చెప్పుకోనిది మరొకటుంది. అప్పుడే అమెరికా స్వాధీనం చేసుకున్న ఫిలిప్పీన్స్ నుంచి వెయ్యి మందికి పైగా మనుషులను తీసుకొచ్చి, 47 ఎకరాల్లో వాళ్ల పల్లెలు వేయించి, బతుకుతున్న తీరును టికెట్ కొన్నవాళ్లకు చూపించారు. కాంగో నుంచి తెచ్చిన ఒటా బెంగా అనే యువకుడూ అక్కడ ప్రదర్శనకు పెట్టినవాళ్లలో ఒకడు. సెయింట్ లూయిస్ ప్రపంచాన్ని తన దగ్గరికి రప్పించుకుందని చెప్పేటప్పుడు, ఎవరిని ఎలా రప్పించారనేది చాలాకాలం పాటు చెప్పలేదు.

1904 తర్వాత ఆ ఊరికి ఒక జబ్బు పట్టుకుంది. శిఖరం వెనకబడిపోయిందని తెలిసీ, మళ్లీ ఒక పెద్ద బొమ్మ నిలబెడితే శిఖరం తిరిగొస్తుందన్న ఆశ. నది ఒడ్డున పాత గోదాములు, ఇనుప ముఖద్వారాల భవనాలు ఉన్న నలభై బ్లాకుల దాకా నేలమట్టం చేసి, అక్కడ పడమటి విస్తరణకు ఒక స్మారకం కట్టాలని 1930లలో అనుకున్నారు. ఖర్చుకు బాండ్ల మీద 1935 సెప్టెంబర్‌లో ఓటింగ్ పెట్టారు. గెలిచారు. ఆ గెలుపులో దొంగ ఓట్లు గుట్టలుగా ఉన్నాయని స్థానిక పత్రిక తవ్వి తీసింది. ఆపాటికి కూల్చివేతకు రంగం సిద్ధమైపోయింది. కూల్చిన చోటు ఏళ్ల తరబడి కార్ల పార్కింగ్‌గా పడి ఉంది. చివరికి ఈరో సారినెన్ గీసిన స్టెయిన్‌లెస్ స్టీలు కమాను 1965 అక్టోబర్ 28న పూర్తయింది. 630 అడుగుల ఎత్తు, అంతే వెడల్పు. దాని అందం గురించి తగాదా లేదు. సాయంత్రం ఎండ పడినప్పుడు దాని ఒక కాలు బంగారంలా, మరొకటి బూడిదలా కనిపిస్తుంది. ఎంత చూసినా కొత్తగానే ఉంటుంది. ఊరికి ఇంతకంటే మంచి గుర్తు ఎవరూ ఇవ్వలేరు. అక్కడితో ఆగితే బాగుండేది. 2018లో దీన్ని నేషనల్ పార్కుగా పేరు మార్పించారు. ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ ఉన్న జాబితాలో, నగరం నడిమధ్య పచ్చిక మీద నిలబడ్డ ఒక కమాను. దేశంలోని నేషనల్ పార్కులన్నిటిలో ఇదే చిన్నది.

కమాను లేచే నాటికి కింద ఊరు కరిగిపోతోంది. 1950లో 8,56,796 మంది ఉన్న నగరంలో 1970కి 6,22,236 మంది మిగిలారు. 1980కి నాలుగున్నర లక్షలు. జనం ఊరొదిలి మరీ దూరమేం పోలేదు. చాలామంది తెల్లవాళ్లు 1876 గీత దాటి కౌంటీలోకి వెళ్లారు, అంతే. గీత దాటగానే వాళ్ల పన్ను, వాళ్ల బడి, వాళ్ల ఓటు కూడా దాటిపోయాయి.

ఎవరు దాటగలరు, ఎవరు దాటలేరు అన్నది కూడా ముందే రాసిపెట్టి ఉంది. తెల్లవాళ్లు ఎక్కువగా ఉన్న వీధిలో నల్లవాళ్లు ఇల్లు తీసుకోకూడదని 1916లో నగర ఓటర్లే ఒక ఆర్డినెన్సును నెగ్గించారు. దాదాపు నలుగురిలో ముగ్గురు సై అన్నారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఇలాంటి చట్టాలు చెల్లవంది. వెంటనే ఇళ్ల దస్తావేజుల్లో షరతులు రాసుకోవడం పెరిగింది. ఆ షరతులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో తీర్పు వచ్చిన షెల్లీ కేసు కూడా ఈ ఊరి లబాడీ అవెన్యూలోని ఒక ఇంటి గొడవే. తర్వాత 1959 నుంచి మిల్ క్రీక్ వ్యాలీ అనే నల్లవాళ్ల పేటను తుడిచిపెట్టారు. ఇరవై వేల మంది దాకా ఇళ్లు పోగొట్టుకున్నారు. ప్రూయిట్-ఐగో అనే ప్రభుత్వ గృహసముదాయంలో పదకొండేసి అంతస్తుల భవనాలు 33 కట్టి, ఆధునిక నగరానికి నమూనా అన్నారు. 1972లో మొదలుపెట్టి 1976కల్లా అన్నిటినీ కూల్చేశారు. 'కొత్త సెయింట్ లూయిస్' అనే మాట వినిపించిన ప్రతిసారీ ఏదో ఒక పేట మాయమైంది.

ఈ నేపథ్యం తెలిస్తేనే ఊళ్లో అందరూ నవ్వుతూ చెప్పుకునే ఒక ప్రశ్నకు అర్థం తెలుస్తుంది. సెయింట్ లూయిస్‌లో ఇద్దరు కొత్తవాళ్లు కలిస్తే మొదట అడిగేది ఏం ఉద్యోగం అని కాదు. 'ఏ హైస్కూల్లో చదివావు?' అని. మన పల్లెల్లో 'మీరెవరింటివాళ్లు బాబూ' అనడం లాంటిదే. జవాబు ఒక్క మాట. ఆ ఒక్క మాటలో క్యాథలిక్కా కాదా, డబ్బున్న ఇల్లా కాదా, గీతకు ఇటా అటా, తెలుపా నలుపా అన్నీ వచ్చేస్తాయి. అది ఆప్యాయంగానే అడుగుతారు, సందేహం లేదు. కానీ బయటి నుంచి వచ్చి పాతికేళ్లుగా ఉంటున్నవాడికి ఆ ప్రశ్నకు జవాబుండదు. తను ఇంకా బయటివాడేనని అప్పుడు గుర్తొస్తుంది.

ఇలాంటి ముద్దు మురిపాలు ఇంకా చాలా ఉన్నాయి. అప్పడంలా పలచగా, చతురస్రాలుగా కోసిన పిజ్జా. దాని మీద ప్రోవెల్ అనే ప్రాసెస్డ్ చీజ్. ఆ ఊరివాళ్లకు ప్రాణం, బయటివాళ్లకు పళ్లకు అంటుకునే జిగురు. హాలోవీన్ రాత్రి పిల్లలు మిఠాయి అడిగే ముందు గుమ్మంలో నిలబడి ఒక జోకు చెప్పాలి. జోకు ఎంత చప్పగా ఉన్నా పెద్దవాళ్లు పగలబడి నవ్వాలి. ఏరియా కోడ్ 314 కాబట్టి మార్చి 14 ఊరి పండగ. కాకిపిల్ల కాకికి ముద్దు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. అసలు ఈ ఊరి అభిమానం బాగా పండేది ఇలాంటి చోటే. ఎవరితోనూ పోటీ పెట్టుకోని చిన్న చిన్న విషయాల్లో.

బేస్‌బాల్ దగ్గరికొచ్చేసరికి మళ్లీ పాత రోగం. కార్డినల్స్ జట్టు పదకొండు వరల్డ్ సిరీస్‌లు గెలిచింది. న్యూయార్క్ యాంకీస్ తప్ప ఇంతకుమించి గెలిచినవాళ్లు లేరు. అది చాలదన్నట్టు 'బేస్‌బాల్‌లో అత్యుత్తమ ప్రేక్షకులం' అనే బిరుదు కూడా తగిలించుకున్నారు. ఎదుటి జట్టువాడు బాగా ఆడినా చప్పట్లు కొట్టే సంస్కారం మాది అంటారు. నిజంగానే కొడతారు. కాకపోతే తన మంచితనానికి తానే చాటింపు వేసుకుంటే వినేవాడికి ఒళ్లు మండదా? మిగతా ఊళ్ల అభిమానులకు ఈ బిరుదు దశాబ్దాలుగా ఎగతాళికి సరుకు. జట్టు ఆట తగ్గాక 2024లో ఏడాది ప్రేక్షకుల సంఖ్య ముప్పై లక్షల దిగువకు వచ్చింది. అత్యుత్తమ ప్రేక్షకులు కూడా గెలిచే జట్టునే చూడ్డానికొస్తారని తేలింది. అది మనుషుల లక్షణమే, తప్పేం కాదు.

అభిమానానికి తగిలిన గాయాలు కూడా తక్కువేం కాదు. విమానాలు తయారుచేసే మెక్‌డొనెల్ డగ్లస్ 1997లో బోయింగ్‌లో కలిసిపోయింది. విమాన సంస్థ టీడబ్ల్యూఏ 2001లో పోయింది. అన్నిటికంటే నొప్పెట్టింది 2008. బడ్వైజర్ బీరు తయారుచేసే ఆన్‌హైజర్-బుష్‌ను బెల్జియం కేంద్రంగా ఉన్న ఇన్‌బెవ్ 52 బిలియన్ డాలర్లకు కొనేసింది. ఊరివాళ్లకు ఆ కంపెనీ బీరు కంపెనీ మాత్రమే కాదు. స్టేడియం పేరులో ఉంది, గుర్రపుబండి ఊరేగింపుల్లో ఉంది, సగం చుట్టాల జీతాల్లో ఉంది. 2016లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు రామ్స్ లాస్ ఏంజెలెస్‌కు వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ లీగ్‌కు ఇచ్చిన దరఖాస్తులో, ఈ ఊళ్లో ఉంటే ఏ జట్టైనా ఆర్థికంగా మునిగిపోతుందన్న అర్థం వచ్చేలా రాసింది. పోయినందుకు కాదు, పోతూ అన్న ఆ మాటకు ఊరు రగిలిపోయింది. దావా వేశారు. 2021లో 79 కోట్ల డాలర్లు ఇచ్చి లీగ్ రాజీ చేసుకుంది. అందులో మూడో వంతుకు పైగా లాయర్ల ఫీజు. మిగిలింది పంచుకునే దగ్గర నగరం ఒక పక్క, కౌంటీ ఇంకో పక్క. మళ్లీ ఆ గీతే.

గీత చేసే ఇంకో తమాషా నేరాల లెక్కల్లో కనిపిస్తుంది. 2010 దశకం రెండో సగంలో అమెరికా పెద్ద నగరాల్లో హత్యల రేటు అత్యధికంగా ఉన్న ఊరిగా సెయింట్ లూయిస్ పేరు మారుమోగింది. ఊరి పెద్దలు ఠక్కున ఒక సంజాయిషీ ఇస్తారు. మిగతా నగరాల హద్దుల్లో ప్రశాంతమైన శివార్లు కూడా ఉంటాయి, మా హద్దులో లేవు, అందుకే రేటు అలా కనిపిస్తోంది అని. ఆ వాదనలో పస ఉంది. లెక్కల్లో భాగహారం కింద జనం తగ్గితే రేటు పెరుగుతుంది. ప్రాంతం మొత్తం తీసుకుంటే, అంటే 28 లక్షల జనాన్ని తీసుకుంటే, బొమ్మ వేరుగా ఉంటుంది. కానీ ఆ భాగహారాన్ని అలా పెట్టుకున్నది ఎవరు? పల్లెవాళ్లు మాకొద్దని 1876లో గీత గీసుకున్నవాళ్ల వారసులే. పైగా సగటు తీసి రేటు తగ్గించినా, ఉత్తరపు పేటల్లో చనిపోయినవాళ్ల సంఖ్య తగ్గదు.

గీతకు అవతల కూడా సుఖమేం లేదు. కౌంటీ దాదాపు తొంభై చిన్నాచితకా మున్సిపాలిటీలుగా చీలిపోయింది. ఒక్కోదానికి ఒక మేయరు, చాలావాటికి సొంత పోలీసు, సొంత కోర్టు. అప్పట్లో ఇరవై వేల చిల్లర జనం ఉన్న ఫెర్గుసన్ అలాంటిదే. 2014 ఆగస్టులో మైకేల్ బ్రౌన్ అనే యువకుణ్ని పోలీసు కాల్చి చంపాక దేశం దృష్టి అక్కడ పడింది. ఖజానా నింపుకోవడానికి నల్లవాళ్ల మీద ఎడాపెడా జరిమానాలు వేసేవారని మరుసటి ఏడాది కేంద్ర న్యాయశాఖ నివేదిక తేల్చింది. టీవీల్లో 'సెయింట్ లూయిస్ అల్లర్లు' అని వచ్చినప్పుడు నగరంవాళ్లు అది మా ఊరు కాదు, కౌంటీ అన్నారు. హత్యల జాబితా వచ్చినప్పుడు కౌంటీవాళ్లు అది మా ఊరు కాదు, సిటీ అంటారు. కార్డినల్స్ గెలిచినప్పుడు మాత్రం అందరిదీ ఒకే ఊరు.

తెలుగువాళ్లకు ఈ సంగతి కొంత అనుభవమే. 2017లో తానా మహాసభలు సెయింట్ లూయిస్‌లో జరిగాయి. ఆ ఊళ్లో ఉంటున్నామని చెప్పే తెలుగు కుటుంబాల్లో ఎక్కువ శాతం ఉండేది చెస్టర్‌ఫీల్డ్, బాల్విన్ లాంటి శివార్లలో. అంటే కౌంటీలో. గుడి కూడా బాల్విన్ వైపే. ఫోన్లో ఇంటివాళ్లకు 'సెయింట్ లూయిస్' అని చెప్పడం సులువు కాబట్టి అలా చెబుతారు. 1876 లెక్క ప్రకారం చూస్తే వాళ్లు ఆ ఊరివాళ్లే కారు.

ఈ విడాకులను రద్దు చేయాలని ప్రయత్నాలు జరగకపోలేదు. 1926లో కౌంటీ మొత్తాన్ని కలిపేసుకుంటామని నగరం ఓటింగ్ పెట్టింది. నగరం సై అంది, కౌంటీ ఛీ పొమ్మంది. యాభై ఏళ్ల ముందు దండగన్నవాళ్లను పిలిస్తే ఎందుకొస్తారు? 1962లో ఇంకో పథకం, అదీ ఓడింది. 2019లో 'బెటర్ టుగెదర్' అనే బృందం రెండింటినీ కలిపే ప్రణాళికతో వచ్చింది. ఖర్చు తగ్గుతుంది, పాలన మెరుగవుతుంది అని చెప్పింది. వాటి పక్కనే, కలిస్తే దేశంలో పదో పెద్ద నగరం అవుతామని కూడా చెప్పింది. 1870 నాటి రీవిస్ ఆత్మ ఎక్కడున్నా మురిసిపోయి ఉంటుంది. స్థానికుల సమ్మతితో పని లేకుండా రాష్ట్రమంతటా ఓటు పెట్టాలన్నది వాళ్ల ఎత్తు. దాంతో శివారు మేయర్లు భగ్గుమన్నారు. నగరంలో ఎంతో కష్టపడి సంపాదించుకున్న రాజకీయ బలం కలిపేస్తే కరిగిపోతుందని నల్లవాళ్ల నాయకులు కూడా అడ్డం తిరిగారు. అంతలో, కొత్త మహానగరానికి తొలి మేయరు కావలసిన కౌంటీ అధిపతి స్టీవ్ స్టెంగర్ మీద అవినీతి కేసు పడింది. ఆయన రాజీనామా చేసి, నేరం ఒప్పుకున్నాడు. ఆ మే నెలలోనే ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు.

ఇద్దరూ కలిసి చేసుకున్న పనులు లేకపోలేదు, కాకపోతే వాటి గురించి ఎవరూ డప్పు కొట్టుకోరు. ఒకటి, మురుగు కాలువలు. వాన పడితే నీళ్లు గీత చూసి ఆగవు కాబట్టి, 1954లో సిటీకీ కౌంటీకీ కలిపి ఒకే మురుగునీటి సంస్థ పెట్టుకున్నారు. రెండోది, జూ, మ్యూజియాలు. 1970ల మొదట్లో రెండు వైపులా ఓటర్లు ఒప్పుకుని, వాటి కోసం ఒక చిన్న ఆస్తి పన్ను పెట్టుకున్నారు. ఫారెస్ట్ పార్క్‌లోని జూకు, ఆర్ట్ మ్యూజియానికి ప్రవేశం ఉచితం. జూలో ఇప్పటికీ నిలబడి ఉన్న పెద్ద పక్షుల పంజరం 1904 ఫెయిర్ నాటిది. ఆర్ట్ మ్యూజియం భవనమూ అప్పటిదే, గుమ్మం మీద 'అందరికీ ఉచితం' అని చెక్కి ఉంటుంది. సెయింట్ చార్లెస్‌వాళ్లు పన్ను కట్టకుండా ఊరికే వచ్చి చూసిపోతున్నారని గొణుగుళ్లు ఉన్నాయి. వాళ్ల దగ్గర వసూలు చేద్దామనే మాట కూడా అప్పుడప్పుడు లేస్తుంది. శనివారం పొద్దున జూ గేటు దగ్గర పిల్లల బళ్లు వరసగా లోపలికి పోతుంటాయి. ఏ కౌంటీ అని గానీ, ఏ హైస్కూలని గానీ అక్కడ ఎవరూ అడగరు.